నిషిద్ధ గగనంలో పుస్తెలు

కొమ్మిలంక మీదున్న ఆకాశం మామూలు ఆకాశం కాదు, నిషిద్ధ గగనతలం. కొన్నేళ్ల కిందట ఒక పెద్దాయన హెలికాప్టర్లో వస్తారని జూనియర్ కాలేజీ మైదానంలో సిమెంటు చప్టా వేసి, దాని మీద తెల్లరంగుతో పెద్ద హెచ్ అక్షరం రాశారు. ఆ చుట్టుపక్కల "తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు" ఏ వస్తువూ ఎగరరాదని ఆజ్ఞ వేశారు. ఆ రోజు వాన పడింది. పెద్దాయన కారులో వచ్చి, అద్దం దింపకుండానే చెయ్యి ఊపి వెళ్లిపోయారు. తదుపరి ఉత్తర్వులు మాత్రం ఇప్పటిదాకా వెలువడలేదు. హెచ్ మీద ఆడవాళ్లు గుమ్మడి వడియాలు పెట్టుకుంటున్నారు. కాకులకూ కొంగలకూ ఈ ఆజ్ఞను ఎలా తెలియజేయాలన్న విషయం అప్పట్లో ఒక సమావేశంలో చర్చకొచ్చింది గానీ, భోజనాల వేళ కావడంతో వాయిదా పడింది.

ఈ ఆజ్ఞ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు, ఫోటోగ్రాఫర్ ఏసుబాబుకీ తెలుసు. తెలిసే అతను డ్రోన్ కొన్నాడు, తెలిసే జనం పెళ్లిళ్లకి దాన్ని పిలిచారు. కిందటి దసరాకి పోలీస్ స్టేషన్లో ఆయుధపూజ జరిగితే, తుపాకులకి బొట్లు పెట్టడం పైనుంచి తీసిపెట్టింది కూడా ఆ డ్రోనే. అంచేత ఆ ఆజ్ఞ కాగితం మీదుండేది, డ్రోన్ గాల్లో ఉండేది, ఒకదాని జోలికి ఒకటి పోయేది కాదు.

కొబ్బరికాయల వ్యాపారి గుబ్బల తాతారావు కూతురు నాగమంజరి పెళ్లి దగ్గరికొచ్చేసరికి ఏసుబాబుకి ఒక గొప్ప ఊహ తట్టింది. పెళ్లిలో పుస్తెలు కట్టేముందు వాటిని కొబ్బరిబొండం మీద పెట్టి, పళ్లెంలో పందిరంతా తిప్పుతారు. పెద్దలు ఒక్కొక్కరే చెయ్యి తాకించి ఆశీర్వదిస్తారు. తాతారావుకి కొబ్బరి దింపుడు వాళ్ల దగ్గర్నుంచి లారీ యజమానుల దాకా అందరూ చుట్టాల్లాంటివాళ్లే. పందిరి చూస్తే మైదానమంత ఉంది.

"పళ్లెం పట్టుకుని ఇంతమంది మధ్య తిరిగితే వర్జ్యం వచ్చేస్తాదండి తాతారావు గారూ," అన్నాడు ఏసుబాబు. "డ్రోన్‌కి చిన్న పూలబుట్ట కట్టి, అందులో పుస్తెలు పెట్టి అందరి నెత్తిమీంచీ తిప్పేద్దారి. చెయ్యెత్తితే సాలు, అందుతాయి. ఆల్బమ్‌లో ఎలా ఉంటాదో ఒక్కసారి ఊహించుకోండి."

తాతారావు ఊహించుకుని మురిసిపోయాడు. నాగమంజరి మాత్రం, "పడిపోతే ఎలాగ బాబాయ్?" అంది. ఆ పిల్లకి పురిటిస్నానం నాటి నుంచి ఓణీల ఫంక్షన్ దాకా ప్రతి ఫోటో తీసింది ఏసుబాబే. "నీ పుస్తెలకి నాది పూచీ అమ్మా," అని మాటిచ్చాడు. ఆ మాట ఇచ్చినందుకు తర్వాత చాలా బాధపడ్డాడు పాపం.

ఎందుకంటే సరిగ్గా ఆ వారమే సబ్ ఇన్‌స్పెక్టర్ మార్తాండరావు జిల్లా కేంద్రంలో గగనతల అప్రమత్తత శిక్షణ ముగించుకుని వచ్చాడు. మనిషి మంచివాడు. చెయ్యి చాచడు, అబద్ధమాడడు. ఉన్న జబ్బల్లా ఒకటే, చదివింది నమ్ముతాడు. శిక్షణలో ఆయనకి ఒక టోపీ, ఒక బైనాక్యులర్, ఒక చేతిపుస్తకం ఇచ్చారు. డ్రోన్లని పట్టే వలతుపాకీ కూడా మంజూరైంది కానీ అది దారిలో ఉంది. అది చేరేలోపు "స్థానికంగా లభ్యమగు వనరులను వినియోగించుకొనవలెను" అని చేతిపుస్తకంలో రాసుంది. కొమ్మిలంక స్టేషన్లో స్థానికంగా లభ్యమైన వనరు హెడ్ కానిస్టేబుల్ సత్తియ్య దగ్గరున్న విసురువల. సత్తియ్య డ్యూటీ దిగాక కాలవలో చేపలు పడతాడు. అతను వల విసిరితే గురి తప్పదని ఊళ్లో పేరు.

పెళ్లినాడు అన్నీ సవ్యంగానే నడిచాయి. ముహూర్తానికి వధూవరులు ఒకరి తలమీద ఒకరు జీలకర్రా బెల్లం పెట్టుకున్నారు. పురోహితుడు చయనులు గారు, "ఇక మాంగల్యధారణ. పుస్తెలు త్వరగా తిప్పి తీసుకురండి, మధ్యాహ్నం వర్జ్యం ఉంది," అన్నారు. బాజాలు మొదలయ్యాయి. డ్రోన్ పూలబుట్టతో లేచింది. అందరూ నవ్వుతూ చేతులెత్తారు. ముసలమ్మలైతే కళ్లకద్దుకున్నారు. ఏసుబాబు రిమోట్ పట్టుకుని, తన జీవితంలో ఇంత మంచి షాట్ రాలేదనుకున్నాడు.

అప్పుడు వంటశాల కప్పు మీంచి మార్తాండరావు విజిల్ మోగింది.

"నిషిద్ధ గగనతలంలో గుర్తుతెలియని ఎగురు వస్తువు! సత్తియ్యా, స్థానిక వనరు!"

సత్తియ్య వల విసిరాడు. గురి తప్పలేదు. డ్రోనూ, పూలబుట్టా, పుస్తెలూ కలిసి వలలో చిక్కి, మండపానికి నాలుగు బారల దూరంలో సాంబారు గుండిగ పక్కన పడ్డాయి. బాజా టక్కున ఆగిపోయింది.

*

స్టేషన్లో డ్రోన్‌ని వలతో సహా బల్ల మీద పెట్టారు. సొత్తును ఏ స్థితిలో పట్టుకున్నారో ఆ స్థితిలోనే ఉంచాలని రూలు. కాబట్టి వల విప్పడానికి వీల్లేదు. నిన్నటి జెల్లచేపల వాసన గదంతా కొడుతోంది. ముద్దాయి నంబర్ ఒకటి ఏసుబాబు బెంచీ మీద కూర్చున్నాడు.

"పంచనామాకి ఇద్దరు గౌరవనీయులైన మధ్యవర్తులు కావాలి," అన్నాడు మార్తాండరావు. "ఘటనాస్థలంలో గౌరవనీయంగా ఎవరు కనిపించారు సత్తియ్యా?"

"పెళ్లికొడుకేనండి. పట్టుపంచె కట్టుకున్నాడు. ఇంకోరు పెళ్లికూతురి నాన్నగారండి."

అలా పెళ్లికొడుకు ఉదయభాస్కర్ నెత్తిమీద జీలకర్రా బెల్లం ముద్దతో, బుగ్గన చుక్కతో వచ్చి, ప్రభుత్వం తరఫు సాక్షి అయ్యాడు. బెల్లం ఎండకి కరిగి నుదుటి మీదకి కారుతోంది. తుడుచుకోబోతే చయనులు గారు వెనకనుంచి, "తుడవకు నాయనా, పెళ్లి సగంలో ఉంది," అని అరిచారు.

సత్తియ్య రాయడం మొదలుపెట్టాడు. "ఎగురు యంత్రం ఒకటి. పూలబుట్ట ఒకటి. పసుపు పూసిన దారం ఒకటి. దానికి తగిలించిన గుండ్రటి బంగారు బిళ్లలు రెండు, ఉపయోగం తెలియదు."

"అవి పుస్తెలండీ!" అన్నాడు తాతారావు ఏడుపు గొంతుతో. "మీకు తెలీదా అండీ? మీ ఆవిడ గారి మెళ్లో లేవా?"

"వ్యక్తిగతంగా నాకు తెలుసు," అన్నాడు మార్తాండరావు గంభీరంగా. "డిపార్టుమెంటుకి తెలియదు. నిపుణుల నివేదిక వచ్చాకే తెలుస్తుంది."

ఆ తర్వాత ఏసుబాబు వైపు తిరిగాడు. "సదరు ఎగురు వస్తువు యొక్క లక్ష్యం ఏమిటి?"

"లక్ష్యమంటే ఏటండీ?"

"ఎక్కడికి చేరవేయడానికి పంపావు?"

"ఇంకెక్కడికండీ? పెళ్లికూతురి మెళ్లోకి."

మార్తాండరావు కలం ఒక్క క్షణం ఆగింది. మళ్లీ నడిచింది. "లక్ష్యం: ఒక మహిళ కంఠం" అని రాసుకుని, ఫోనెత్తి జిల్లాకి చెప్పాడు. జిల్లాలో ఆ మాట విన్నవాళ్లు కుర్చీల్లోంచి లేచారట. నిషిద్ధ ప్రాంతం, గుర్తుతెలియని లోహపు బిళ్లలు, గురి ఒక స్త్రీ గొంతు. ఇలాంటి కేసు శిక్షణా తరగతుల్లో బొమ్మలుగా తప్ప వాళ్లెక్కడా చూడలేదు.

ఇంతలో నాగమంజరే స్టేషన్‌కి వచ్చేసింది. మధుపర్కాల చీర, తలమీద బెల్లం ముద్ద, కళ్లనిండా నీళ్లు. వస్తూనే ఆమెను కూడా కూర్చోబెట్టి వివరాలు అడిగారు. సొత్తు ఎవరికి చేరాలో వాళ్లు ముద్దాయి నంబర్ రెండు అని చేతిపుస్తకంలో ఉంది మరి.

"వివాహితా, అవివాహితా?" అన్నాడు సత్తియ్య.

"ఆ మాట మీరే చెప్పాలి," అంది నాగమంజరి.

సత్తియ్య చయనులు గారి వైపు చూశాడు. "జీలకర్రా బెల్లం అయింది, మాంగల్యం కాలేదు," అన్నారాయన. సత్తియ్య ఆ గడిలో "దర్యాప్తులో ఉన్నది" అని రాశాడు.

"అయ్యా, పోనీ ఇంకో మార్గం ఉంది," అన్నారు చయనులు గారు. "పసుపుకొమ్ము దారానికి కట్టి మెళ్లో వేయించేస్తాను. శాస్త్రానికి సరిపోతుంది. మీ సొత్తు మీ దగ్గరే ఉంటుంది."

ఏసుబాబుకి ప్రాణం లేచొచ్చింది. కానీ మార్తాండరావు అడ్డంగా తలూపాడు. "అసలు సొత్తు పోలీసు స్వాధీనంలో ఉండగా దాని స్థానంలో మరొకటి పెడితే నకిలీ సాక్ష్యం సృష్టించినట్టు. అప్పుడు తమరు ముద్దాయి నంబర్ మూడు అవుతారు, ఆలోచించుకోండి."

చయనులు గారు ఆలోచించుకుని కండువా సర్దుకున్నారు. నాగమంజరి ఏసుబాబు పక్కన వచ్చి కూర్చుంది. తిడుతుందేమోనని అతను తల వంచుకున్నాడు. ఆ పిల్ల తిట్టలేదు. "వర్జ్యం వచ్చేస్తే ఏమవుతుంది బాబాయ్?" అని మాత్రం నెమ్మదిగా అడిగింది. భాస్కర్ వాళ్ల అమ్మగారికి ఇలాంటి పట్టింపులు ఎక్కువట. వర్జ్యంలో కట్టిన పుస్తె ఆవిడ ఒప్పుకోరట. మళ్లీ ముహూర్తం అంటే మూఢం పోయాకే. సగం పెళ్లితో అన్నాళ్లు ఏ ఇంట్లో ఉండాలో ఆ పిల్లకి తెలియడం లేదు.

*

జిల్లా నుంచి గగనతల భద్రతా ప్రత్యేకాధికారి విరూపాక్షమూర్తి గారు సైరన్ వేసుకుని దిగారు. ఆయన వెంట రాణి అనే కుక్క కూడా దిగింది. పేలుడు పదార్థం వాసన తగిలితే కూర్చోవడం ఆ కుక్కకి నేర్పిన విద్య. రాణి నేరుగా బల్ల దగ్గరికి పోయి, జెల్లచేపల వల వాసన చూసి, తోకాడిస్తూ ఆశగా కూర్చుంది.

"కూర్చుంది!" అన్నారు విరూపాక్షమూర్తి గారు. అందరూ రెండడుగులు వెనక్కి వేశారు.

"అది చేప కోసమండి సారూ," అన్నాడు ఏసుబాబు ఉండబట్టలేక.

"కుక్క ఎందుకు కూర్చున్నదో వ్యాఖ్యానించే అధికారం ముద్దాయికి లేదు," అన్నారాయన. "పరిస్థితి యొక్క తీవ్రత దృష్ట్యా ఈ సొత్తును ప్రయోగశాలకు పంపవలసి ఉంటుంది. నివేదిక ఆరు మాసములలో రాగలదు. ఈలోగా ఘటన యొక్క పునర్నిర్మాణం జరిపి, నేరం ఏ విధముగా జరిగినదో ముద్దాయి చేత చేయించి చూడవలెను. అది రేపు సాయంత్రం పెట్టుకుందాం."

పునర్నిర్మాణం అనే మాట చెవిన పడగానే ఏసుబాబు తల పైకెత్తాడు. చిన్నప్పట్నుంచీ పెళ్లివాళ్లని ఒప్పించి బతికిన మనిషి. ముసలివాళ్లని నవ్వించాడు, అలిగిన అల్లుళ్లని నిలబెట్టాడు. అధికారులు మాత్రం మనుషులు కారా?

"సారూ, మీకు చెప్పేంతవాణ్ని కాదండి," అంటూ లేచి నిలబడ్డాడు చేతులు కట్టుకుని. "మళ్లీ చేసి చూపించాలంటే అంతా అప్పుడున్నట్టే ఉండాలి కదండీ?"

"యథాతథంగా ఉండవలెను. అది ప్రాథమిక సూత్రం."

"మరి రేపు సాయంత్రం అయితే వెల్తురు మారిపోద్దండి. పొద్దుటి వెల్తురు వేరు, సాయంత్రం వెల్తురు వేరు. రేపటికి పూలు వాడిపోతాయి, చుట్టాలెళ్లిపోతారు. ఆళ్లు లేకపోతే ఎవరి నెత్తిమీంచి తిప్పానో ఎలా సూపించనండి? ఇదిగో, ఈళ్ల తలమీద బెల్లం కూడా కరిగిపోతందండి. ఇప్పుడైతే అన్నీ ఉన్నచోటే ఉన్నాయి."

విరూపాక్షమూర్తి గారు భాస్కర్ నుదుటి మీద కారుతున్న బెల్లాన్ని పరిశీలనగా చూశారు. "సాక్ష్యం కరిగిపోతున్నది," అని ఒప్పుకున్నారు. "మార్తాండరావ్, తక్షణమే పునర్నిర్మాణం!"

"మంత్రాలు కూడా చదవాలా అండీ?" అన్నారు చయనులు గారు ఆశగా.

"అప్పుడు చదువుతుంటే ఇప్పుడూ చదవండి. యథాతథం అంటే యథాతథమే."

*

సగం తిన్న విస్తళ్ల ముందునుంచి చుట్టాలందర్నీ లేపి, ఎవరు ఎక్కడ నిలబడ్డారో అక్కడే నిలబెట్టారు. వధూవరులు పీటల మీద కూర్చున్నారు. విరూపాక్షమూర్తి గారు మైకు అందుకుని, నేర పునర్నిర్మాణ నిమిత్తం కొమ్మిలంక గగనతలాన్ని పరిమిత కాలానికి తెరుస్తున్నట్టు ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. మార్తాండరావు వంటశాల కప్పెక్కి బైనాక్యులర్ పెట్టుకున్నాడు. సత్తియ్య వల విప్పి, డ్రోన్ని పుస్తెల బుట్టతో సహా ముద్దాయికి అప్పగించి, తన పాత చోట సాంబారు గుండిగ పక్కన నిలబడ్డాడు. ఏసుబాబు డ్రోన్ రెక్కలు తడిమి చూశాడు. గట్టిదే, ఒక రెక్క అంచు తప్ప ఏమీ విరగలేదు.

అప్పుడుగానీ అతనికి అసలు సంగతి తట్టలేదు. యథాతథం అంటే వల కూడా యథాతథమే. మళ్లీ విసురుతారు, మళ్లీ పడుతుంది, పుస్తెలు మళ్లీ స్టేషన్‌కే పోతాయి. సత్తియ్య గురి తప్పేవాడా? అతను సత్తియ్య వైపు దీనంగా చూశాడు. సత్తియ్య మొహంలో ఏ భావమూ లేదు. కాలవ గట్టు మీద నీళ్లకేసి చూసినట్టు చూస్తున్నాడు.

"నేరం ప్రారంభించవచ్చు!" అన్నారు ప్రత్యేకాధికారి.

బాజాలు మోగాయి. డ్రోన్ కొంచెం కుంటుతూ లేచింది. చేపల వాసన కొడుతున్నా జనం ఈసారి ఇంకా గట్టిగా చేతులెత్తి, ఇంకా గట్టిగా దీవించారు. రాణి మాత్రం గొలుసు లాక్కుంటూ డ్రోన్ కిందే పరిగెత్తడం మొదలుపెట్టింది. గొలుసు పట్టుకున్న పాపానికి విరూపాక్షమూర్తి గారు కూడా దాంతోపాటే పరిగెత్తారు. డ్రోన్ సాంబారు గుండిగ మీదకొచ్చింది. ఏసుబాబు కళ్లు మూసుకుని వేళ్లతో మాత్రం నడిపాడు.

"సత్తియ్యా, స్థానిక వనరు!" అని కప్పు మీంచి కేక.

వల గొడుగులా విచ్చుకుంది. ఎవరో కెవ్వుమన్నారు. ఏసుబాబు కళ్లు తెరిచేసరికి డ్రోన్ ఇంకా గాల్లోనే ఉంది. వల కింద విరూపాక్షమూర్తి గారూ, ఆయన్ని కావలించుకుని రాణీ ఉన్నారు. వల దారాలు నాకుతూ ఆ కుక్క పరమానందంగా ఉంది.

డ్రోన్ మండపం చేరింది. భాస్కర్ బుట్టలోంచి పుస్తెలు తీశాడు. చయనులు గారు పుట్టి బుద్ధెరిగాక ఇంత వేగంగా మంత్రం చదవలేదు. వర్జ్యం రాకముందే మూడు ముళ్లూ పడ్డాయి, అక్షింతలు కురిశాయి. నాగమంజరి ఏడుస్తూ నవ్వింది. ఏసుబాబుకి కళ్లు నిండిపోయాయి. కానీ కెమెరా కదలనివ్వలేదు.

"ఆపండి!" అన్నారు వల లోపల్నుంచి ప్రత్యేకాధికారి. "ఇంతకుముందు ఇది నేరప్రయత్నం మాత్రమే! ఇప్పుడు నేరం సంపూర్ణమైనది!"

వల విప్పుతున్న సత్తియ్యని మార్తాండరావు నిలదీశాడు. "ఇన్నేళ్లలో ఎప్పుడైనా తప్పిందా నీ గురి?"

"లేదండి," అన్నాడు సత్తియ్య వినయంగా. "ఇప్పుడూ తప్పలేదండి."

*

నేరం పోలీసుల సమక్షంలో, పోలీసుల అనుమతితో, పోలీసుల బాజాభజంత్రీలతో పూర్తయింది కాబట్టి, మార్తాండరావు నిజాయితీగా తన పేరే ముద్దాయి నంబర్ మూడుగా రాసుకున్నాడు. తనకి తానే నోటీసిచ్చుకుని, తన ముందు తానే హాజరై, అంతా చేతిపుస్తకం ప్రకారమే చేశానని వాంగ్మూలం ఇచ్చుకున్నాడు. విరూపాక్షమూర్తి గారు మాత్రం ఆ రోజు తాను సెలవులో ఉన్నట్టు పైకి తెలియజేశారు.

కేసు కోర్టుకొచ్చింది. సొత్తు ఏదని మేజిస్ట్రేట్ గారు అడిగారు. సొత్తు నాగమంజరి మెళ్లో ఉంది. తీసి బల్ల మీద పెట్టమని ప్రాసిక్యూటర్ గారు అన్నారు. కోర్టు హాల్లో కూర్చున్న ఆడవాళ్లంతా ఒక్కసారి ఆయన కేసి చూశారు. ఆయన కాగితాలు సర్దుకుంటూ, తీయనక్కర్లేదన్నారు.

మేజిస్ట్రేట్ గారు పెద్దావిడ. కాసేపు కళ్లజోడు తుడుచుకుని ఉత్తర్వు చెప్పారు. సదరు సొత్తు ముద్దాయి నంబర్ రెండు మెళ్లోనే భద్రంగా ఉండవలెను. ఆమె దానిని తీయరాదు, మార్చరాదు, మరెవరికీ ఇవ్వరాదు. వాయిదాకి పిలిచినప్పుడల్లా, దానిని గుర్తుపట్టు నిమిత్తం సాక్షి ఉదయభాస్కర్ ఆమె వెంట ఉండవలెను. ఈ ఏర్పాటు తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు అమలులో ఉండును.

బయటికి రాగానే భాస్కర్ ఏసుబాబుని పక్కకి పిలిచాడు. "అన్నా, ఆ చివరి మాట వింటే నాకు భయంగా ఉంది. తదుపరి ఉత్తర్వులు వస్తే మా పెళ్లి ఏమవుద్దన్నా?"

ఏసుబాబు అతని భుజం మీద చెయ్యేసి కాలేజీ మైదానం వైపు నడిపించాడు. సిమెంటు చప్టా మీద హెచ్ అక్షరం సగం చెరిగిపోయింది. ఆ సగం మీద తాతారావు భార్య కొత్త అల్లుడి కోసం వడియాలు పెడుతోంది.

"మన ఊళ్లో తదుపరి ఉత్తర్వులు ఎప్పుడైనా వచ్చాయా బాబూ?" అన్నాడు. "నువ్వు నిశ్చింతగా కాపరం చేసుకో."